యంత్రానికి అమ్మ పేరు పెడితే సరిపోతుందా?

మంచి ఆలోచన ఉంటే చాలు, ఎవరైనా ఆవిష్కర్తలు కావచ్చునన్న మాట ఈ మధ్య ప్రతి సభలోనూ వినబడుతోంది. తెలంగాణలో 2019లో 'ఇంటింటా ఇన్నోవేటర్' పేరుతో ప్రభుత్వమే ఒక కార్యక్రమం మొదలుపెట్టి, సామాన్యులు తయారుచేసిన పనిముట్లను ఆగస్టు 15న జిల్లాల్లో ప్రదర్శనకు పెట్టించింది. పల్లెల్లోని ప్రతిభను గుర్తించాలనుకోవడం మంచిదే. కానీ 'ఇల్లు' అన్న మాట వినగానే మనం అడగవలసిన పాత ప్రశ్నలు కొన్ని ఉన్నాయి. ఆ ఇంట్లో ఆలోచన ఎవరిది? దాన్ని వస్తువుగా మలిచే తీరిక ఎవరికుంది? చివరికి దరఖాస్తు మీద పేరు ఎవరిది? ఈ మూడింటికీ వేరువేరు జవాబులు వస్తున్నంతకాలం 'ఎవరైనా' అన్న మాటలో స్త్రీలు లేనట్టే.

నేను పరిశోధన చేసుకునేది ఉస్మానియా ఆవరణలో. అక్కడినుంచి తార్నాక మీదుగా ఉప్పల్ వైపు వెళ్తే కొద్ది కిలోమీటర్ల మేరలోనే జాతీయ పోషకాహార సంస్థ, రసాయన సాంకేతిక సంస్థ ఐఐసీటీ, భూభౌతిక పరిశోధనా సంస్థ ఎన్‌జీఆర్ఐ, జీవశాస్త్రాల సంస్థ సీసీఎంబీ వరసగా వస్తాయి. ఆవిష్కరణ అంటే ఈ ప్రహరీల లోపల జరిగేదని మనకు నేర్పారు. ఈ ప్రహరీల బయట టిఫిన్ బండ్లు నడిపే స్త్రీలు, హాస్టల్ మెస్సుల్లో వందలమందికి వండే స్త్రీలు, ఆవరణను ఆనుకుని ఉన్న మాణికేశ్వరినగర్ నుంచి తెల్లవారుజామునే పనికి బయలుదేరే స్త్రీలు రోజూ ఏదో ఒకటి కనిపెడుతూనే ఉంటారు. దానికి మాత్రం ఆ పేరు లేదు.

తార్నాకలో ఒక టిఫిన్ బండి దగ్గర ఇడ్లీపాత్ర మూతకు చిన్న గొట్టం బిగించి ఉండటం చూశాను. ఊరికే పోయే ఆవిరి ఆ గొట్టం గుండా పక్కనున్న నీళ్ల గిన్నెలోకి వెళ్తోంది, ఆ నీళ్లలో నిలబెట్టిన సాంబారు గిన్నె మధ్యాహ్నందాకా వేడిగా ఉంటోంది. రెండో స్టవ్ అక్కర్లేదు. "ఇది ఎవరు చేశారమ్మా?" అని అడిగాను. "నేనే పెట్టిన మేడం. దీంట్ల ఏమున్నది? గ్యాస్ ఆదా అయితదని" అంది. పక్కన తింటున్న ఇంజనీరింగ్ విద్యార్థి, చదువుకున్నవాడు కదా, "జుగాడ్" అని నవ్వాడు. 

ఆ ఇద్దరి మాటలూ ఒకటే. వృథా అయ్యే వేడిని మళ్లీ వాడుకోవడం కర్మాగారంలో జరిగితే అది ఇంధన పొదుపు సాంకేతికత, దానికొక విభాగం, బడ్జెట్, డాక్టరేట్లు. బండి మీద జరిగితే జుగాడ్. విశ్వవిద్యాలయంలో నేర్చుకున్నది జ్ఞానం. కులవృత్తిలోనూ వంటింట్లోనూ నేర్చుకున్నది అలవాటు. ఈ విభజనకు కులమూ జెండరూ రెండూ పునాదులు. "దీంట్ల ఏమున్నది" అన్నది ఆమె వినయం అనుకుంటే పొరపాటు. తన పనిని ఎవరూ పనిగా లెక్కపెట్టని సమాజం ఆమెచేత అనిపించిన మాట అది.

తొమ్మిదివేల సార్లు

ఇదే ఉప్పల్ రోడ్డు పట్టుకుని వరంగల్ వైపు వెళ్తే ఆలేరు వస్తుంది. ఆ మండలంలోని శారాజీపేట అప్పటి నల్గొండ జిల్లాలో ఉండేది, ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉంది. చింతకింది మల్లేశం ఆ ఊరివాడు. ఆయన తల్లి లక్ష్మి ఆసు పోసేది.

పోచంపల్లి రకం చీరకు రంగు అద్దకముందే పేక నూలును లెక్క ప్రకారం పరిచి, చిటికి కట్టడానికి సిద్ధం చెయ్యాలి. ఒక పక్క ఒక మేకు, ఎదురుగా అర్ధచంద్రాకారంలో వరసగా మేకులు. ఆ మధ్య పట్టుదారాన్ని పట్టుకుని చెయ్యి ముందుకూ వెనక్కూ పోయి రావాలి. ఒక్క చీరకు సుమారు 9,000 సార్లు. నాలుగైదు గంటల పని. రోజుకు రెండు చీరలకు పోస్తే 18,000 సార్లు. ఈ పని తరతరాలుగా స్త్రీలదే. భుజాలు, మోచేతులు పట్టేసి చెయ్యి పైకెత్తలేని స్థితికి వచ్చినా మగ్గం ఆగకూడదు కనుక ఆసు ఆగకూడదు. 2019–20 చేనేత గణన ప్రకారం దేశంలో 35 లక్షల పైచిలుకు చేనేత పనివారున్నారు, వారిలో సుమారు 72 శాతం స్త్రీలు. అయినా 'నేతకారుడు' అనగానే మగ్గం ముందు కూర్చున్న పురుషుడే మనకు గుర్తుకొస్తాడు. ఆసు పోయడం, కండెలు చుట్టడం 'అనుబంధ పనులు'.

అమ్మ చేతినొప్పి చూడలేక మల్లేశం 1992లో యంత్రం తయారుచేసే ప్రయత్నం మొదలుపెట్టాడు. చిన్నతనంలోనే బడి మానేసినవాడు. అప్పులు చేశాడు, ఊళ్లోవాళ్ల ఎగతాళి భరించాడు, హైదరాబాద్ వచ్చి కూలిపని చేసుకుంటూ ఒక్కొక్క భాగం సమకూర్చుకున్నాడు. ఆఖరి చిక్కుముడి విడిపోయింది బాలానగర్‌లో ఒక యంత్రం కదలిక చూశాకనే అని ఆయనే చెప్పుకున్నాడు. 1999లో యంత్రం పూర్తయింది. నాలుగైదు గంటల పని గంటన్నరకు దిగింది. దానికి 'లక్ష్మి ఆసు యంత్రం' అని తల్లి పేరు పెట్టాడు. 2017లో పద్మశ్రీ వచ్చింది, 2019లో ఆయన కథ సినిమాగా కూడా వచ్చింది.

మల్లేశంతో నాకు తగువు లేదు. స్త్రీల నొప్పిని పరిష్కరించవలసిన సమస్యగా చూసిన పురుషులు ఎంతమంది? అసలు పెద్ద పెద్ద ప్రయోగశాలలకు ఆ నొప్పి ఎందుకు కనబడలేదు? నా ప్రశ్న ఈ కథను మనం చెప్పుకునే తీరు మీద. తల్లి బాధ, కొడుకు తెలివి. తల్లి కన్నీరు, కొడుకు పట్టుదల. ఈ కథలో లక్ష్మికి నొప్పి మాత్రమే ఉంది, తెలివి లేదు. కానీ ఏ మేకు తర్వాత ఏ మేకు, దారం ఎంత బిగువుగా ఉండాలి, ఎక్కడ తెగుతుంది, తెగితే లెక్క తప్పకుండా ఎలా అతకాలి అన్నదంతా ఎవరి చేతుల్లో ఉంది? యంత్రం అనుకరించినది ఆ చెయ్యినే. ఆ చేతిలోని లెక్కను జ్ఞానం అనడానికి మనకెందుకు నోరు రాదు?

ఇంకొక్క అడుగు ముందుకు వేద్దాం. ఆ ఏడేళ్లూ మల్లేశం బదులు లక్ష్మి ఖర్చుపెట్టి ఉంటే? ఆసు పక్కనబెట్టి, వంట మానేసి, అప్పులు చేసి, ఊరు విడిచి, బాలానగర్ లేత్ మిషన్ల మధ్య తిరిగి ఉంటే? కొడుకును మొదట పిచ్చివాడని నవ్విన ఊరు చివరికి గొప్పవాడంది. తల్లిని మొదటి నెలలోనే ఇల్లు పట్టని ఆడదని ముద్ర వేసేది. రెండో అంకం ఉండేదే కాదు. కోయంబత్తూరులో చవక శానిటరీ నాప్‌కిన్ల యంత్రం తయారుచేసి 2016లో పద్మశ్రీ పొందిన మురుగానందం ప్రయోగాలు భార్య శాంతి అవసరం నుంచే మొదలయ్యాయి. ఆ ప్రయోగాల కాలంలో ఆయన భార్యకూ ఊరికీ దూరమయ్యాడు, తర్వాత వాళ్లు తిరిగొచ్చారు. అదే పిచ్చి ఒక భార్యకు పట్టి ఉంటే ఆమె తిరిగి వచ్చేదాకా ఇంటి తలుపు తెరిచి ఉండేదా?

తీరిక ఎవరిదో ప్రభుత్వ లెక్కలే చెబుతున్నాయి. 2019 కాలవినియోగ సర్వేలో, వేతనం లేని ఇంటిపని చేసేవారిలో స్త్రీలు రోజుకు 299 నిమిషాలు దానికి పెట్టారు, పురుషులు 97. 2024 సర్వేలో స్త్రీల సంఖ్య 289 అయింది. ఐదేళ్లకు పది నిమిషాల విముక్తి! పురుషులది 88కి తగ్గింది. ఆవిష్కరణకు కావలసిన మొదటి ముడిసరుకు కాలం. అది మన దగ్గర లేదు.

పసుపుకు సాక్ష్యం ఎవరు?

రెండో ముడిసరుకు కాగితం. దీనికి పసుపు కథను మించిన ఉదాహరణ లేదు. గాయమైతే పసుపు పెట్టాలని ఎవరైనా మనకు పుస్తకం చూసి చెప్పారా? 1995 మార్చిలో అమెరికాలోని మిసిసిపీ విశ్వవిద్యాలయ వైద్యకేంద్రానికి, గాయాలు మానడానికి పసుపు వాడే పద్ధతి మీద పేటెంట్ ఇచ్చారు. పేటెంటు మీద ఆవిష్కర్తలుగా ఉన్న ఇద్దరూ భారతీయ మూలాలవారే. మన శాస్త్రీయ, పారిశ్రామిక పరిశోధనా మండలి, అంటే ఐఐసీటీ, సీసీఎంబీ, ఎన్‌జీఆర్ఐలకు మాతృసంస్థ అయిన సీఎస్ఐఆర్, దాన్ని సవాలు చేసింది. 1997లో ఆ పేటెంట్ రద్దయింది. దేశమంతా సంబరపడింది.

ఆ గెలుపు ఎలా వచ్చిందో చూడండి. కోట్లాది స్త్రీలు తరతరాలుగా పసుపు వాడుతున్నారన్నది అక్కడ సాక్ష్యం కాదు. అప్పటి అమెరికా చట్టం ప్రకారం పరాయి దేశంలో ఒక విషయం వాడుకలో ఉన్నంతమాత్రాన లెక్కలోకి రాదు, అచ్చయి ఉండాలి. అందుకే సీఎస్ఐఆర్ పాత గ్రంథాలనూ, 1953లో భారతీయ వైద్య సంఘం పత్రికలో వచ్చిన వ్యాసాన్నీ చూపించి గెలిచింది. అవి దొరకకపోతే? అమ్మమ్మలందరి చేతులూ అబద్ధమే అయ్యేవి. 2001 నుంచి ప్రభుత్వం సంప్రదాయ విజ్ఞానానికి డిజిటల్ గ్రంథాలయం నిర్మిస్తోంది, మేలే. కానీ అది ప్రధానంగా ఆయుర్వేద, యునాని, సిద్ధ గ్రంథాల్లో ఉన్నదాన్ని ఎక్కించే పని. గ్రంథాలు రాసినవాళ్లెవరు, చదివే అనుమతి ఎవరికుండేది అన్నది మనకు తెలుసు. మంత్రసానుల చేతుల్లో, విత్తనాలు దాచే దళిత స్త్రీల కుండల్లో ఉన్న జ్ఞానానికి ఏ గ్రంథం సాక్షి?

రాసిపెట్టుకున్న స్త్రీ గెలిచిన సంఘటన కూడా ఒకటి చెప్పాలి. అమెరికాలో మార్గరెట్ నైట్ అనే కార్మికురాలు అడుగు చదునుగా ఉండే కాగితపు సంచుల యంత్రం రూపొందించింది. వర్క్‌షాపులో ఆ నమూనా చూసిన చార్లెస్ అన్నన్ అనే అతను ముందుగా తన పేరుతో దరఖాస్తు పెట్టుకున్నాడు. ఇంత సంక్లిష్టమైన యంత్రం స్త్రీకి ఎలా అర్థమవుతుందన్నది అతని వాదన. ఆమె తన బొమ్మలు, నోట్సులు, నమూనాలు, సాక్షులను తెచ్చి ముందుంచింది. 1871లో పేటెంట్ ఆమెకే వచ్చింది. ఆమెను కాపాడింది తారీకులు వేసిన కాగితాలు.

అడగకుండా కట్టిన పొయ్యి

స్త్రీల జ్ఞానాన్ని పక్కనబెట్టి స్త్రీల కోసమే ఆవిష్కరిస్తే ఏమవుతుందో కూడా మనం చూశాం. 1953లోనే హైదరాబాద్ ఇంజనీరింగ్ పరిశోధనాశాలకు చెందిన ఎస్.పి. రాజు పొగలేని వంటగదుల గురించి పుస్తకం ప్రచురించాడు. వంటింటి పొగను ఇంజనీరింగ్ సమస్యగా చూడటం ఆ రోజుల్లో గొప్ప విషయమే. తర్వాత 1980లలో కేంద్రప్రభుత్వం మెరుగైన పొయ్యిల జాతీయ కార్యక్రమం మొదలుపెట్టి, 2002లో ఆపేసేలోగా దేశంలో మూడు కోట్లకు పైగా పొయ్యిలు కట్టినట్టు లెక్క చూపింది. వాటిలో ఎన్నో కొద్దికాలానికే మూలపడ్డాయి. పెద్ద గిన్నెకు పొయ్యి నోరు సరిపోదు, కట్టెలు చిన్నచిన్న ముక్కలు చెయ్యాలి, గొట్టం మసిపట్టి పూడుకుపోతే తీసే దిక్కులేదు. రోజూ వండే మనిషిని ముందే అడిగి ఉంటే ఇవన్నీ మొదటి రోజే చెప్పేది. ఆమె 'లబ్ధిదారు', కనుక అడగలేదు. కార్యక్రమం దెబ్బతిన్నాక మాత్రం పల్లెటూరి ఆడవాళ్లు మార్పుకు అలవాటుపడరన్నారు.

ఆసు యంత్రం నిలబడింది, పొయ్యి మూలపడింది. తేడా ఎక్కడ? మల్లేశం ఆసు పోసే మనిషి పక్కన పెరిగాడు, ఆ చేతికి తెలిసింది అతనికీ తెలుసు. స్త్రీల పనిలోని జ్ఞానం లేకుండా స్త్రీల పనికి పనికొచ్చే యంత్రం పుట్టదు. అలాంటప్పుడు ఆ జ్ఞానానికి వాటా అడగడం న్యాయం కాదా?

చట్టం ఏమంటోంది

1970 పేటెంట్ చట్టం ప్రకారం ఆవిష్కరణ కొత్తదై ఉండాలి, అందులో ఆ రంగంలోని నిపుణులకు సులువుగా తట్టని ముందడుగు ఉండాలి, పరిశ్రమలో ఉపయోగపడాలి. సెక్షన్ 3 ఏవి ఆవిష్కరణలు కావో చెబుతుంది. అందులో వ్యవసాయ పద్ధతులు ఉన్నాయి, 2002 సవరణతో చేర్చిన సంప్రదాయ విజ్ఞానమూ ఉంది. ఈ రెండో నిబంధన పసుపులాంటి దోపిడీని అడ్డుకునే కవచం, దాన్ని మనం వదులుకోకూడదు. అయితే దాని రెండో వైపు కూడా చూడాలి. పొలంలో, వంటింట్లో, కులవృత్తిలో స్త్రీలు నిన్న చేసిన మార్పును కూడా 'ఎప్పటినుంచో ఉన్నదే' అని కొట్టిపారేసే అవకాశం అందులో ఉంది. అదే మార్పును ఇంకొకరు యంత్రంగా బిగిస్తే అది కొత్తది.

ఇక్కడ కొందరు మిత్రులు ఒక అభ్యంతరం చెబుతారు. జ్ఞానాన్ని సొత్తుగా మార్చే పేటెంట్ల విధానమే పెట్టుబడిదారీ దోపిడీ, స్త్రీలు అందులో వాటా అడగడమేమిటి అని. మందుల ధరలనూ విత్తనాల కంపెనీలనూ చూసినవాళ్లుగా ఈ విమర్శలోని నిజాన్ని నేను కాదనను. కానీ ఆస్తి అనేదే దోపిడీ కనుక స్త్రీలు ఆస్తిహక్కు అడగకూడదన్న వాదన మనం ఇదివరకే విన్నాం. ఆస్తి రద్దయ్యేదాకా ఆస్తి మగవాళ్ల దగ్గరే ఉండాలని దాని అర్థం. జ్ఞానాన్ని అందరికీ ఉచితంగా ఇచ్చే హక్కు కూడా, అది తనదని గుర్తింపు ఉన్న మనిషికే ఉంటుంది. పేరు లేనిది దానం కాదు, దోపిడీ.

ఇంకో అభ్యంతరం: "ఎవరు చేస్తేనేం, స్త్రీల భారం తగ్గింది కదా?" తగ్గింది, సంతోషం. కానీ యంత్రం వచ్చాక ఆ పనీ, ఆ కూలీ, ఆ యంత్రం యాజమాన్యం ఎవరి చేతికి పోతాయన్నది ఎప్పుడూ అడగాలి. రోకలి స్థానంలో రైసుమిల్లు వచ్చినప్పుడు స్త్రీల భుజాలకు విశ్రాంతి దొరికింది, దంపుడు కూలితో బతికే పేద స్త్రీల పని పోయింది, మిల్లు మాత్రం మగవాళ్లదైంది. రోకలే ఉండాలని నేననడం లేదు. మిల్లులో వాటా అడగనిదే విశ్రాంతి ఆకలిగా మారుతుందంటున్నాను.

మనం చెయ్యవలసింది, అడగవలసింది

ముందు మన చేతిలో ఉన్నవి. ప్రతి మహిళా సంఘంలో పొదుపు పుస్తకంతోపాటు ఇంకో పుస్తకం ఉండాలి. పనిలో ఎవరు ఏ మార్పు చేసినా బొమ్మ గీసి, తారీకు వేసి, ఆమె పేరు రాసి, ఇద్దరు సాక్షుల సంతకాలు తీసుకోవాలి. చదువురాని వాళ్లకు మనం రాసిపెట్టాలి. విశ్వవిద్యాలయాల్లో చదువుకున్న మనం చెయ్యగల పని ఇది. రెండోది, దరఖాస్తు పెట్టకముందే వస్తువును ప్రదర్శనలో పెడితే కొత్తదనం పోయిందని పేటెంట్ నిరాకరించవచ్చు. కేంద్రప్రభుత్వం గెజిట్‌లో ప్రకటించిన ప్రదర్శనలకే ఏడాది మినహాయింపు ఉంది. ఆగస్టు 15 స్టాలుకు రమ్మని పిలిచే అధికారులు ఈ సంగతి ముందే చెప్పాలి. మూడోది, పూర్తి నమూనా సిద్ధంగా లేకపోయినా తాత్కాలిక వివరాలతో దరఖాస్తు పెట్టి, 12 నెలల్లో పూర్తి వివరాలు ఇవ్వవచ్చు. మన రాష్ట్రాలకు చెన్నై కార్యాలయం. దరఖాస్తుదారుల్లో ఒక్క స్త్రీ ఉన్నా త్వరితగతి పరిశీలన కోరే అవకాశం 2019 సవరణతో వచ్చింది. ఇందులో ఒక ప్రమాదం కూడా ఉంది. త్వరగా పనికావడానికి భార్య పేరో తల్లి పేరో తగిలించి, హక్కు పత్రాలు తమ దగ్గర పెట్టుకునేవాళ్లు ఉంటారు. సర్పంచ్ భర్తలను చూసిన మనకు ఇది కొత్త కాదు.

ఇక ప్రభుత్వాన్నీ విశ్వవిద్యాలయాలనూ అడగవలసినవి. స్త్రీ పారిశ్రామికులకు వీ హబ్ 2018లో వచ్చింది, నమూనాలు తయారుచేసుకునే టీ వర్క్స్ 2023లో రాయదుర్గంలో తెరిచారు. ఆసు పోసే స్త్రీకి రాయదుర్గం ఎంత దూరం? కిలోమీటర్లలో కాదు, 289 నిమిషాల్లో కొలవండి. ప్రతి మండలానికీ దగ్గరలో ఉన్న ఐటీఐ, పాలిటెక్నిక్ వర్క్‌షాపులను సాయంత్రాలు స్త్రీలకు తెరవాలి, పక్కనే పిల్లల్ని చూసుకునే ఏర్పాటు ఉండాలి. ఉస్మానియా ఇంజనీరింగ్ కళాశాల వర్క్‌షాపు తలుపులు మాణికేశ్వరినగర్ స్త్రీలకు తెరవడానికి ఏ చట్టం అడ్డు? మహిళా సంఘాల రుణాలు గేదె కొనడానికే కాక పనిముట్టు తయారుచేయడానికీ ఇవ్వాలి, నమూనా విఫలమైతే ఆ అప్పు మాఫీ చెయ్యాలి. ప్రజాధనంతో నడిచే ఏ సంస్థ అయినా స్త్రీల పనిమీద యంత్రం రూపొందిస్తే, ఆ పని చూపించి నేర్పిన స్త్రీల పేర్లు పత్రాల్లో నమోదుచెయ్యాలి, ఆదాయంలో వాటా ఇవ్వాలి. 2002 జీవవైవిధ్య చట్టం కింద గ్రామాల్లో రాసే ప్రజా జీవవైవిధ్య రిజిస్టర్లలో విత్తనం పేరు పక్కన దాన్ని కాపాడిన మనిషి పేరు ఉండాలి, కుటుంబ యజమాని పేరు కాదు.

కొడుకు కృతజ్ఞతతో పెట్టే పేరు ప్రేమకు గుర్తు, దాన్ని గౌరవిద్దాం. హక్కు మాత్రం ఒకరి ప్రేమ మీద ఆధారపడకూడదు. కృతజ్ఞత లేని కొడుకులున్న తల్లులకు, అసలు కొడుకులే లేని స్త్రీలకు కూడా తమ ఆలోచన తమ పేరుతో నిలబడాలి. "దీంట్ల ఏమున్నది" అన్న ప్రతి స్త్రీకీ, దాంట్లో ఏమున్నదో రాసి చూపించడం మన పని. ఈ సంచిక చదివిన ప్రతి సంఘమూ ఆ రెండో పుస్తకాన్ని ఈ నెలలోనే తెరవాలి.